ఊరికే వచ్చిన కుడి అంచు

మా వంటింట్లో మావి కాని గిన్నెలు చాలా ఉన్నాయి. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఫిర్యాదు. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించే పద్ధతి ఎవరు మొదలుపెట్టారో గానీ, దానివల్ల గిన్నె ఎవరిదో తెలుస్తుంది తప్ప గిన్నె ఇల్లు చేరదు. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. రొయ్యల వేపుడు వచ్చిన గిన్నెలో చెంచాడు పంచదార వేసి ఇస్తే ఆచారం నిలుస్తుంది, పరువు నిలవదు. అందుకని దానికి తగినది మన ఇంట్లో వండేదాకా గిన్నె మన అలమరలోనే ఉంటుంది. ఈలోపు వాళ్ళు ఇల్లు మారిపోతారు. ‘మనం గిన్నెలు ఉంచేసుకోవడం లేదు, మర్యాద కోసం ఆగాం’ అని మా ఆవిడ అంటుంది. ఆగి ఆగి మా అలమర తలుపు పడటం మానేసింది.

పోయిన వారం ఆ తలుపు సంగతి చూద్దామని కూర్చుంటే అడుగు అరలో మూతలేని గిన్నె ఒకటి దొరికింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన చిన్న శిలువ గుర్తు. చూడగానే ఎవరింటిదో తెలిసింది. ఆ ఇంటాయన పోయారని అంతకు కొద్దిరోజుల ముందే కబురు వచ్చింది. ఆ గిన్నెలో ఏం వేసి తిరిగి ఇవ్వాలో తోచక ఇది రాస్తున్నాను.

ఆయన మా కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసేవారు. నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇద్దరం బెజవాడలో ఏలూరు కాలవ పక్క సందులో ఎదురెదురు వాటాల్లో అద్దెకుండేవాళ్ళం. కాలేజీకీ సందుకీ కూడా ఆయన ‘మాస్టారు’. నేనూ మాస్టార్నే గానీ, ఒక సందుకి ఇద్దరు ఎందుకని ఆయన నన్ను ‘ఇంగ్లీషుగారూ’ అని పిలిచేవారు. మిగతా సందు కూడా అదే ఖాయం చేసింది.

మాస్టారికి ఒక ప్రశ్న ఉండేది. ఏ వస్తువు చూసినా, అది ఏమిటో ఎందుకో అడగకముందే కుడిచెయ్యి వెల్లకిలా తిప్పి, కనుబొమలు కాస్త పైకెత్తి, “ఊరికేనా?” అనేవారు. ఎగ్జిబిషనుకు వెళితే ఆయన సంచీ నిండేది, జేబు తరిగేది కాదు. మందుల కంపెనీ పెన్ను, విత్తనాల కంపెనీ టోపీ, ఎరువుల కంపెనీ క్యాలెండరు. వరిలో దోమపోటు గురించి ఆయన దగ్గర ఉన్నన్ని కరపత్రాలు వ్యవసాయ శాఖ దగ్గర కూడా ఉండేవి కావు. ఆయనకు సెంటు భూమి లేదు. ప్రతి ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళే మనిషి, శ్రీరామనవమి పందిట్లో పానకానికి అందరికంటే ముందు నిలబడేవారు. “ఊరికే ఇచ్చేదానికి మతం ఏవిటండీ ఇంగ్లీషుగారూ” అనేవారు. రెండో గ్లాసు పట్టుకున్నప్పుడు మాత్రం మత సామరస్యం మీద నాలుగు మంచి మాటలు చెప్పేవారు.

ఇంతవరకూ చదివి పిసినారి అనుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకుని సుఖంగా ఉన్నాను. కానీ ఇదే మనిషి బంధువుల ఇంటికి వెళితే కాఫీ కూడా ముట్టేవారు కాదు. మా ఇంట్లో తాగిన టీకి మర్నాడు అరటిపళ్ళు తెచ్చి ఇచ్చేవారు. ఇదేం లెక్క అని ఒకసారి అడిగాను.

“ఊరికే అంటే ఏవిటనుకున్నారు?” అన్నారు, ల్యాబులో పిల్లలకు చెప్పే గొంతుతో. “మొహం తెలీనివాడు ఇచ్చింది ఊరికే. మొహం తెలిసినవాడు ఇచ్చింది అప్పు. ఆ అప్పు కూడా జీవితాంతం వాయిదాల్లో వసూలవుద్ది.”

ఈ సిద్ధాంతం వెనక ఒక పెళ్ళి కార్డు ఉంది. మాస్టారి అత్తవారికి గవర్నరుపేటలో ప్రెస్సు ఉండేది. మేడ మీద అక్షరాలు పేర్చే కంపోజింగు, కింద అచ్చు మిషన్లు. మాస్టారి పెళ్ళికి కార్డులు మామగారు ఊరికే వేసి ఇచ్చారు. ఇచ్చినవాడు ఊరుకోలేదు. ఏ భోజనాల దగ్గర కూర్చున్నా, అప్పడం విరిచేలోపు, “అల్లుడుగారి కార్డులు మేవే ఊరికే వేశాం” అనేవాడు. ఆయన పోయాక ఆ ప్రెస్సూ, ఆ వాక్యమూ రెండూ కొడుక్కి వచ్చాయి. ఒక క్రిస్మస్ భోజనాల్లో బావమరిది ఆ వాక్యం మొదలుపెట్టాడు. మాస్టారు సగం విస్తట్లోంచి లేచి చెయ్యి కడుక్కున్నారు. మళ్ళీ ఆ ప్రెస్సు మెట్లు ఎక్కనని అక్కడే ఒట్టు పెట్టుకున్నారు. ఆనాటి నుంచి బావమరిదితో మాటల్లేవు.

ఒట్టుకు కారణం అవమానం అని ఒప్పుకుంటే మనిషి చిన్నబోతాడు. అందుకని మాస్టారు కుడి అంచు అని ఒక కారణం కనిపెట్టారు. ఆ పెళ్ళి కార్డులో ప్రార్థన వాక్యాల పేరా ఒకటుంది. “చూడండి. ఎడం పక్క నిటారుగా ఉంది. కుడి పక్క చూడండి, పళ్ళూడిన దువ్వెన. వీళ్ళూ ఒక ప్రింటర్లా?” అని కార్డు నాకు చూపించారు. చూశాను. కుడి పక్క నాకు బాగానే ఉంది. ఎడం పక్క కూడా బాగానే ఉంది. కానీ పెళ్ళయి అన్నేళ్ళయినా కార్డుని భూతద్దం పెట్టి చూసే మనిషితో వాదించడం ఎందుకని, “అవునండీ, కొంచెం అటూ ఇటూగా ఉంది” అన్నాను.

డెబ్బయ్యో దశకం చివర్లో మాస్టారింటికి కంప్యూటరు వచ్చింది. ఊరికేనే. ఆయన పెదనాన్న కొడుకొకాయన సరుకు ఓడల్లో ఇంజనీరు. ఏ రేవులోనో మోజుపడి కొని, నాలుగు రేవులు దాటేసరికి మోజు తీరి, దాన్నీ దానికి తగిలించే చిన్న టీవీనీ మాస్టారి గుమ్మంలో దింపి వెళ్ళిపోయాడు. మరి ఆయన మొహం తెలిసిందే కదా అన్నాను. “ఇవ్వలేదండీ, వదిలేసి వెళ్ళాడు. వదిలేసింది వేరు” అన్నారు మాస్టారు. సిద్ధాంతం ఉన్నవాడికి దారి కూడా ఉంటుంది.

బెజవాడకి టీవీ స్టేషను ఇంకా రాలేదు. మా సందులో మొదటి టీవీ మాత్రం వచ్చింది. సాయంత్రం పనులు ముగించుకుని ఆడవాళ్ళు చాపలతో వచ్చి మాస్టారి ముందుగదిలో కూర్చునేవారు. తెర వెలిగేది. ‘రెడీ’ అని ఇంగ్లీషులో ఒక మాట పడేది. దాని కింద ఒక చుక్క వెలుగుతూ ఆరుతూ ఉండేది. చాలాసేపు అదే.

మాస్టారి పక్క వాటాలో బందరావిడ ఉండేది. భర్తది చేపల వ్యాపారం, కొల్లేటి చేపలు ఐసుపెట్టెల్లో రైలెక్కిస్తాడు. ఆవిడ మనసూ గొంతూ రెండూ పెద్దవి. వండిన పులుసు సందంతా పంచేది, అనుకున్నమాట కూడా సందంతా పంచేది.

“సినిమా ఎప్పుడొస్తుందండీ మాస్టారూ?” అని అడిగింది మూడో సాయంత్రం.

“ఇది సినిమాకి కాదమ్మా. అక్షరాలకి.”

“అక్షరాలకైతే పలక చాల్దాండీ?” అని చాప చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనక మిగతా చాపలూ వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత చర్చి స్వర్ణోత్సవం వచ్చింది. బయటి దేశం నుంచి అతిథులు వస్తారు కనక చర్చి చరిత్ర ఇంగ్లీషులో చిన్న పుస్తకంగా వెయ్యాలని కమిటీ అనుకుంది. ప్రెస్సు బావమరిది కూడా కమిటీలో సభ్యుడే. ఎప్పట్లాగే పని తనకే వస్తుందని కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు మాస్టారు లేచారు. విదేశాల్లో పుస్తకాలకు అక్షరాలు పేర్చే పని ఇప్పుడు కంప్యూటర్లు చేస్తున్నాయనీ, రెండు పక్కలా అంచు కొలబద్దతో గీసినట్టు వస్తుందనీ, ఆ పని చేసే ప్రోగ్రాము ఒకటి తన పెట్టెలోకి తెచ్చి పుస్తకం తనే చేస్తాననీ చెప్పారు.

“ఎంతవుద్దండీ మాస్టారూ?” అన్నాడు కోశాధికారి.

మాస్టారు చెయ్యి వెల్లకిలా తిప్పారు. “ఊరికే.”

ఆ కమిటీ చరిత్రలో అంత త్వరగా జరిగిన తీర్మానం ఇంకొకటి లేదట. బావమరిది మాత్రం మెల్లిగా, “సంతోషమండీ బావగారూ. ఒకవేళ కాకపోతే మొహమాటపడకండి. మన మెట్లు మీకు తెలిసినవే” అన్నాడు.

మాస్టారు అధ్యక్షుడి వైపు తిరిగి, “ప్రెస్సు వారికి చెప్పండి. ఆ అవసరం రాదు” అన్నారు. ప్రెస్సు వారు అధ్యక్షుడి పక్క కుర్చీలోనే ఉన్నారు.

ఇలా చర్చి పుస్తకమూ, మాస్టారి ఒట్టూ ఒకే తాడున పడ్డాయి. ప్రోగ్రాము దొరికితే పుస్తకం. దొరక్కపోతే మెట్లు.

ప్రోగ్రాము కొనాలంటే విదేశాల్లో దొరుకుతుంది. కొనడం మాస్టారికి తెలియని విద్య. ఓడ ఇంజనీరు వదిలిన పత్రికల్లో ఇలాంటి పెట్టెలున్న వాళ్ళు పెట్టుకున్న క్లబ్బుల చిరునామాలు ఉండేవి. వాటికి ఉత్తరాలు మొదలుపెట్టారు. ఇంగ్లీషు దిద్దడం నా వంతు. ఆయన రాసిన ఉత్తరాల్లో ‘ఊరికే’ అనే మాట వాక్యానికొకసారి వచ్చేది. సగం తీసేసేవాణ్ణి. మిగిలిన సగం చాలు, అవతలివాడు మనిషిని పోల్చుకోవడానికి.

జవాబులుగా రంగుల బొమ్మలతో ధరల పట్టికలు వచ్చాయి. మాస్టారు వాటినీ పారెయ్యలేదు, అవి ఊరికే వచ్చినవే కదా. ఒక కంపెనీకి తిరుగు జవాబు రాశారు: ‘మీ ధరల పట్టిక చేరినది. చాలా అందంగా ఉన్నది. నేను అడిగినది అది కాదు.’

చివరికి ఒకనాడు లావుపాటి కవరు వచ్చింది. పంపింది ఎవరో ముక్కూ మొహం తెలియదు. సంతకం ఇసీజీ కాగితంలా ఉంది. లోపల ప్రోగ్రాము మొత్తం టైపు చేసిన కాగితాలు, పైన నాలుగు వాక్యాల చీటీ. తన అవసరానికి రాసుకున్నాననీ, డబ్బేమీ అక్కర్లేదనీ, పని అయ్యాక ఈ కాగితాలు తర్వాత అడిగినవాడికి ఇవ్వమనీ. మాస్టారు ఆ చీటీని నాకు నిలబడి చదివి వినిపించారు. చర్చిలో సువార్త చదివేటప్పుడు అలా నిలబడతారు.

“చూశారా ఇంగ్లీషుగారూ. ‘మేవే ఊరికే పంపాం’ అని ఎక్కడన్నా ఉందేమో చూడండి.”

చూశాను. లేదు.

కాగితంలో ఉన్నది పెట్టెలోకి ఎక్కించాలి. నేను చదవాలి, ఆయన ఒక వేలితో కొట్టాలి. రెండో వేలు వాడరు, అవసరం లేదట. కాలేజీ అయ్యాక రోజూ ఆ ముందుగదిలో ఎక్కాలు చదివినట్టు చదివేవాణ్ణి. “కామా. బ్రాకెట్టు. ఎల్ ఈజ్ గ్రేటర్ దేన్ డబ్ల్యూ. బ్రాకెట్టు క్లోజు.” సాహిత్యంలో ఎం.ఏ. చేసినందుకు ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తానని మా నాన్న అంటూ ఉండేవాడు.

కరెంటు పోతే కొట్టినదంతా పోయేది. ఆ రోజుల్లో కరెంటు పోవడమే గానీ చెప్పి పోవడం లేదు. అందుకని కాస్త కొట్టగానే టేపురికార్డరు తగిలించి కాసెట్లోకి ఎక్కించేవారు. ఆ కాసెట్టు కూడా ఓడాయన వదిలిందే, అందులో ఇంగ్లీషు పాటలుండేవి. వాటి మీదే ఎక్కించారు. మామూలుగా వింటే కీచుమని, తలుపు బందుకు నూనె లేనట్టు, ఆగకుండా ఒకటే గోల. మాస్టారు మాత్రం కళ్ళు మూసుకుని వినేవారు. ఇంకో కాసెట్టు కొని దాంట్లోనూ ఉంచమని అన్నాను.

“ఎందుకండీ? దీనికి రెండు వైపులున్నాయిగా” అని అటు వైపూ ఎక్కించారు. జాగ్రత్త అంటే అదీ.

అంతా ఎక్కిన సాయంత్రం చర్చి చరిత్ర మొదటి పేరా కొట్టారు. ఆ పెట్టెకు అన్నీ పెద్దక్షరాలే వచ్చు. అంచు కోసం మాటల మధ్య జాగా సాగదీసేది. కొన్ని లైన్లలో రెండు మాటల మధ్య కాలవ పడవ పోయేంత ఎడం. చరిత్ర మొత్తం ఎవరినో కేకలేస్తున్నట్టుంది. కానీ కుడి అంచు నిటారుగా ఉంది. ఆ మాట నేను ఒప్పుకోవాలి. పై నుంచి కింది దాకా, ఒక్క అక్షరం ఇటు రాలేదు, అటు పోలేదు.

మాస్టారు ల్యాబు నుంచి తెచ్చుకున్న స్టీలు స్కేలు తెర అద్దానికి ఆనించి చూశారు. స్కేలు తీసి బొటనవేలితో పై నుంచి కిందికి నిమిరారు. తర్వాత భార్యను పిలిచారు. ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

“బాగుందండీ. ఏం రాశారు? నా కళ్ళజోడు లోపలుంది.”

“చదవక్కర్లేదు. అంచు చూడు.”

ఆవిడ అంచు చూసింది. మొగుణ్ణి చూసింది. “మా తమ్ముడికి చెప్పమంటారా?” అంది, చాలా మామూలుగా. ఆవిడ అటు తమ్ముడికీ ఇటు మొగుడికీ మధ్య చాలా ఏళ్ళుగా మామూలుగా ఉంటోంది.

“చూస్తాడులే” అన్నారు మాస్టారు.

తెర మీద ఉన్నది కాగితం మీదికి ఎలా వస్తుందని అడిగాను. తెరని ఫొటో తీసి, లోహపు అచ్చు బ్లాకు చేయించి, ఏ ఊళ్ళోనైనా కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద కొట్టిస్తానన్నారు. “ముద్రించడం ఎవడైనా చేస్తాడండీ. పేర్చడమే విద్య” అన్నారు. గవర్నరుపేటలో అడుగుకొక ప్రెస్సు ఉండగా ట్రెడిల్ కోసం హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళాలని నిశ్చయించారు. గవర్నరుపేటలో అందరూ బావమరిదికి స్నేహితులే. అక్కడి మొహాలన్నీ తెలిసిన మొహాలు.

ఈలోపు బెంగుళూరు నుంచి ఒక కుర్రాడి ఉత్తరం వచ్చింది. కవరు పంపిన ఆయనే మాస్టారి చిరునామా ఇచ్చాడట, ఆ కాగితాలు కావాలట. మాస్టారు మర్నాడే వాటిని కట్టకట్టి పోస్టాఫీసుకు నడిచారు. స్టాంపులు సొంత జేబులోంచి కొన్నారు. కౌంటరు వెనకాయన ఆయన్ని ఎరిగినవాడే. చిల్లర ఇస్తూ మళ్ళీ ఒకసారి మొహం చూశాడు.

“నకలు రాసుకోకుండా పంపేశారేవిటండీ?” అన్నాను.

“తర్వాతవాడికి ఇవ్వమన్నారుగా. మనకి కాసెట్లో ఉంది.”

ఆయన్ని వెక్కిరించడానికి నాకు ఎన్నో సందర్భాలు దొరికాయి. ఇది మాత్రం వాటిలో లేదు. అందుకే దీని గురించి ఎక్కువ రాయను.

నెల తర్వాత మాస్టారు హనుమాన్ జంక్షన్ బస్సెక్కిన రోజున బందరావిడ ఆయన ఇంటికి వచ్చింది. కువైట్‌లో ఉన్న తమ్ముడు తన గొంతు కాసెట్లో నింపి పంపాడు. వినడానికి టేపురికార్డరు కావాలి. మాస్టారి భార్య ఇచ్చింది. అలాంటివి అడిగితే లేదనే సందు కాదది. లోపల కాసెట్టు ఉందని ఇచ్చేటప్పుడు గుర్తులేదు. మర్నాడు మధ్యాహ్నానికల్లా బందరావిడ టేపురికార్డరు తుడిచి, మీద గుడ్డ కప్పి, భద్రంగా తెచ్చి ఇచ్చేసింది.

ఆ సాయంత్రం నేనూ ఉన్నాను. ట్రెడిల్ దొరికిందన్న ఉత్సాహంతో మాస్టారు పెట్టె ముందు కూర్చుని, టేపురికార్డరు తగిలించి, మీట నొక్కారు. తెర చూస్తూ ఉండిపోయింది. ఎంతకీ ఏమీ రాలేదు. మాస్టారు కేబులు పీకి, గొంతు పెంచారు. కీచుమనే గోల రావలసిన చోట బందరావిడ గొంతులో మంచి తెలుగు వచ్చింది.

“వదినగారూ, చింతపండు ముందు నానబెట్టుకోండి. కొత్తది కాదండోయ్, పాతది. కొత్తదైతే పులుసుకి రంగు రాదు. చేప సంగతి చెబుతా ఉండండి...”

మాస్టారు కాసెట్టు తీసి రెండో వైపు తిప్పారు. బందరావిడ కూతురు, కాన్వెంటులో రెండో తరగతి, క్రిస్మస్ పాట పాడుతోంది. అది ఎండాకాలం. పాట అయ్యాక మళ్ళీ అదే పాట. ఆ వైపు నిండేదాకా.

వంటింట్లోంచి మాస్టారి భార్య గరిటెతో పరుగెత్తుకొచ్చింది. “ఆ పులుసు ఎలా చేస్తుందో చెప్పమని ఎన్నాళ్ళనుంచి అడుగుతున్నానో!” అంది. నిజంగా సంతోషంగా ఉంది. గదిలో ఉన్న ఇద్దరి మొహాలూ చూసి గరిటె దించింది.

బందరావిడను పిలిచారు. గుమ్మంలోనే నవ్వుతూ నిలబడింది.

“విన్నారా మాస్టారూ? పాప బాగా పాడిందా అండీ?”

“ఇందులో... ముందు ఒకటి ఉండాలమ్మా.”

“ఏవుందండీ, కీచుమని ఒకటే గోల! అటు తిప్పి చూశాం, అటూ అంతే. పాపం పాడైపోయింది, ఖాళీగా ఉంది అనుకున్నాం. ఖాళీ గిన్నే ఇవ్వం గదండీ ఎవరికీ, ఖాళీ కాసెట్టు ఎలా ఇస్తాం? మీరు చర్చికెళ్ళేవాళ్ళు గదా అని పాప చేత ఆ పాటే పాడించాను. ఒక్కసారి పాడితే సగం ఖాళీగా ఉండిపోద్దని మళ్ళీ మళ్ళీ పాడించాను. గొంతు పోయిందండీ పిల్లకి.”

మాస్టారు కాసెట్టు బయటికి తీసి రెండు వైపులా చూశారు.

“చాలా బాగా పాడిందమ్మా,” అన్నారు. “పాపకి కలకండ పెట్టు.”

ఆవిడ వెళ్ళిపోయాక బెంగుళూరు కుర్రాడికి, ఉత్తరంలో ఉన్న నంబరుకి, ట్రంకాల్ చేశాం. లైను దొరికేసరికి తెల్లవారింది. కుర్రాడు చాలా మర్యాదస్తుడు. కాగితాలు అందాయనీ, పని అయిపోయిందనీ, చీటీలో రాసినట్టే తర్వాత అడిగినవాడికి పంపేశాననీ చెప్పాడు. ఆ తర్వాతవాడు ఎవరండీ అంటే, మొహం తెలియదన్నాడు. మాస్టారు ఫోను పెట్టేసి, “మంచి కుర్రాడు” అన్నారు.

ఉత్సవం వచ్చే ఆదివారమే. వారం రోజుల్లో మళ్ళీ ఎవరూ ఊరికే పంపేది లేదు. ఆ రెండు రోజులూ మాస్టారింట్లో మాటలు తక్కువ, పులుసు వాసన ఎక్కువ. మాస్టారి భార్య కాసెట్టు పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని మరీ చేసింది. మాకూ ఒక గిన్నెడు పంపింది. మొదట్లో చెప్పిన గిన్నె అదే. పులుసు మాత్రం అద్భుతంగా ఉంది. మాస్టారు తిన్నారో లేదో నేను అడగలేదు.

మూడోరోజు కాలేజీ అయ్యాక, “ఇంగ్లీషుగారూ, గవర్నరుపేట దాకా వస్తారా?” అన్నారు. చేతిలో చర్చి చరిత్ర రాతప్రతి ఉంది. ప్రెస్సు ముందు ఆగి మెట్ల వైపు ఒకసారి చూసి, చెప్పులు విడిచారు. అక్కడ చెప్పులు ఎవరూ విడవరు. ఏదో కొంచెం ఆలస్యం కావాలి కదా మనిషికి.

మేడ మీద కంపోజిటర్లు అక్షరాల గళ్ళ ముందు నిలబడి పని చేస్తున్నారు. బావమరిది ప్రూఫు దిద్దుకుంటున్నాడు. తలెత్తి చూసి, వెంటనే లేచి, తన కుర్చీ తుడిచి ఇటు లాగాడు. సోడాకి కేకేశాడు. ‘నేను చెప్పలేదూ’ అన్నట్టు మొహం పెడతాడేమోనని నేను చూశాను. పెట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మాస్టారు కూర్చోలేదు. రాతప్రతి బల్ల మీద పెట్టారు. “కుడి అంచు సరిగ్గా రావాలి” అన్నారు, గోడనున్న క్యాలెండరుతో.

“వస్తుందండీ. పొద్దున్నకి మొదటి ఫారం ప్రూఫు మీ ఇంటికి పంపిస్తాను.”

“బిల్లు ఎంతవుద్దో ముందే చెప్పెయ్యి.”

ఆయన నోట బిల్లు అనే మాట వినడం నాకు అదే మొదటిసారి. బావమరిదికీ అంతే అనుకుంటాను. కలం కింద పెట్టాడు.

“బిల్లేంటండీ బావగారూ? చర్చి పని. పైగా మీరు వచ్చి అడిగారు. ఊరికే వేసిస్తాను.”

“వద్దు. ఊరికే వద్దు.”

కంపోజిటర్లు చేతులాపారు. సోడా తెచ్చినవాడు గుమ్మంలోనే ఉండిపోయాడు.

“ఊళ్ళో ఎవడేది ఇచ్చినా చెయ్యి చాపుతారు, నా దగ్గరకొచ్చేసరికి వద్దా అండీ? ఏవిటి నేను చేసిన తప్పు?”

“మొహం తెలీనివాడు ఇస్తేనే ఊరికే,” అన్నారు మాస్టారు. గొంతు ల్యాబులోలాగే ఉంది. “తెలిసినవాడు ఇస్తే అప్పు. నీకు నేను అప్పుండను.”

బావమరిది చేతికంటిన సిరా పాతగుడ్డతో తుడుచుకున్నాడు. వేలు వేలూ తుడుచుకున్నాడు. తర్వాత రాతప్రతి తన వైపు లాక్కుని, మొదటి పేజీ తిప్పుతూ, తలెత్తకుండానే అన్నాడు.

“అయితే నా మొహం మీకు తెలీదనుకోండి బావగారూ. ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నారుగా.”